ఒక్క మాట మీద నిలిచిన తీర్పులు

"తగవు" అనే మాటకు పాత తెలుగులో న్యాయం అని అర్థం. తగినది ఏదో అదే తగవు. కావ్యం చదివే విద్యార్థులు ఈ మాట దగ్గర ప్రతి యేటా తికమక పడుతూనే వుంటారు. రాజు తగవు తప్పనివాడు అని పుస్తకంలో వుంటే, దెబ్బలాట మానని వాడు కాబోలు అనుకుంటారు. తప్పు వాళ్లది కాదు. న్యాయం కోసం వెళ్లిన వాళ్లంతా దెబ్బలాడుకుంటూనే కనిపించేసరికి, జనం ఆ మాటను దెబ్బలాటకే ఖాయం చేసేశారు.

"తీర్పు" సంగతి అలా కాదు. మార్చు నుంచి మార్పు, కూర్చు నుంచి కూర్పు వచ్చినట్టే తీర్చు నుంచి తీర్పు వచ్చింది. అప్పు తీర్చడం అంటే ముగించడం. ముగ్గు తీర్చడం అంటే చక్కగా అమర్చడం. మంచి తీర్పుకు ఈ రెండు గుణాలూ వుండాలి. వ్యవహారం ముగియాలి, చెదిరినది చక్కబడాలి. మొదటిది జరిగి రెండోది జరక్కపోతే కోర్టు నుంచి ఇంటికి వచ్చిన మనిషికి దస్తావేజు మిగులుతుంది గాని మనశ్శాంతి మిగలదు.

ఈ మధ్య కొన్నేళ్లుగా మన రెండు హైకోర్టులు చెప్పిన తీర్పులు కొన్ని తీరిక దొరికినప్పుడల్లా చదువుతున్నాను. 2019 జనవరి 1 నుంచి మనకు హైకోర్టులు రెండయ్యాయని పాఠకులకు తెలిసిందే. తెలంగాణ హైకోర్టు హైదరాబాదులో పాత భవనంలోనే వుంది, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతికి వెళ్లింది. నేను ప్లీడరును కాను. తెలుగు పాఠం చెప్పుకునే వాణ్ణి. అంచేత సెక్షన్ల కన్న ముందు నా కన్ను మాటల మీద పడుతుంది. అలా చూడగా ఒక సంగతి తోచింది. దావా ఆస్తిది కానివ్వండి, కాపురానిది కానివ్వండి, బడిది కానివ్వండి, వేల పేజీల కాగితాల కింద చివరికి ఒక్క మాట వుంటుంది. ఆ మాటకు అర్థం ఇదీ అని ఎవరో ఒకరు తేల్చాలి. తేల్చిన అర్థాన్ని బట్టి ఒకరి బతుకు ఇటో అటో తిరిగిపోతుంది. అటువంటి మాటలు కొన్నిటిని గురించి ఈ వారం చెబుతాను.

* * *

ముందుగా ఒక శుభవార్త. పాతదే అయినా చాలామందికి ఇంకా చేరినట్టు లేదు.

2023 జూన్ 27న తెలంగాణ హైకోర్టులో జస్టిస్ పి. నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక గార్ల ధర్మాసనం ఒక తీర్పును తెలుగులో వెలువరించింది. మచ్చబొల్లారంలో తల్లికి సంబంధించిన భూమి గురించి ఇద్దరు అన్నదమ్ముల మధ్య వచ్చిన వ్యాజ్యం అది. తీర్పు 44 పేజీలు. తెలుగు రాష్ట్రాల హైకోర్టుల చరిత్రలో తెలుగు తీర్పు అదే మొదటిది.

1954లో గుంటూరులో మొదలైన ఆంధ్ర హైకోర్టు లెక్క తీసుకుంటే, తెలుగువాళ్లు తమ హైకోర్టులో తమ భాషలో తీర్పు చూడడానికి 69 ఏళ్లు పట్టిందన్నమాట. దీనికి ఎవరినీ నిందించనక్కర లేదు. రాజ్యాంగం 348వ అధికరణం హైకోర్టు వ్యవహారాలు ఇంగ్లీషులో జరగాలన్నది. రాష్ట్రపతి అనుమతి తీసుకుని గవర్నరు మరో భాషకు చోటు ఇవ్వవచ్చునని అక్కడే ఒక కిటికీ కూడా తెరిచి వుంచింది. ఆ కిటికీలోంచి హిందీ నాలుగు రాష్ట్రాల హైకోర్టులలో ప్రవేశించింది: రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహారు. తెలుగుకు ఇంకా ఆ దారి తెరుచుకోలేదు. అందుకే ఆ ధర్మాసనం తెలుగు తీర్పుతో పాటు ఇంగ్లీషు తీర్పు కూడా ఇచ్చింది.

ఆ అన్నదమ్ముల విషయం ఆలోచించండి. తల్లి ఆస్తి గురించి తోడబుట్టిన వాళ్లే కోర్టుకెక్కితే, అందులో భూమి ఒక్కటే వుండదు. అమ్మ ఎవరిని ఎలా చూసింది, ఎవరు ఎవరికి ఏమి చేశారు అన్న పాత లెక్కలన్నీ వుంటాయి. వాటి మీద న్యాయమూర్తి ఏమన్నాడో ప్లీడరు నోట రెండు ముక్కల్లో వినడం వేరు, తాను కూర్చుని చదువుకోవడం వేరు. గెలిచినవాడికి ఎలాగూ ఆనందమే. ఓడినవాడు ఎందుకు ఓడిపోయాడో తన భాషలో చదువుకుంటే, ఒప్పుకోకపోయినా కనీసం అనుమానం తీరుతుంది. "జడ్జీ గారికి నా మాట వినబడలేదు" అన్న బాధ కొంత తగ్గుతుంది. చక్కబరచడమంటే అదే.

* * *

రెండో మాట "వీలైనంత వరకు".

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81, 85 నంబర్లతో రెండు జీవోలు జారీ చేసింది. ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటో తరగతి నుంచి ఆరో తరగతి వరకు 2020–21 నుంచి బోధన ఇంగ్లీషు మీడియంలోనే. తరవాత యేటికొక తరగతి చొప్పున పదో తరగతి దాకా. తెలుగు గాని ఉర్దూ గాని ఒక సబ్జెక్టుగా వుంటుంది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వారు ఈ రెండు జీవోలనూ కొట్టివేశారు.

2009 నాటి విద్యాహక్కు చట్టంలో 29వ సెక్షను, బోధన వీలైనంత వరకు పిల్లవాడి మాతృభాషలో వుండాలని చెబుతుంది. ఈ "వీలైనంత వరకు" అన్నది చాలా జారుడు మాట. పెళ్లికి తప్పక రమ్మని పిలిస్తే "వీలైనంత వరకు వస్తాను" అన్న మనిషి వస్తాడా రాడా? మాట ఇచ్చినట్టూ వుంటుంది, ఇవ్వనట్టూ వుంటుంది. కాని దశాబ్దాలుగా తెలుగులో బోధన జరుగుతున్న బడిలో, తెలుగులో చెప్పే ఉపాధ్యాయుడు ఎదురుగా నిలబడి వుండగా, వీలు లేదు అని ఎలా అనగలం? అంచేత ఆ జారుడు మాటకు కూడా అక్కడ గట్టి అర్థం ఏర్పడింది.

ఇందులో ఒక చమత్కారం వుంది. ఏ మాధ్యమంలో చదవాలో ఎంచుకునే స్వేచ్ఛ పిల్లవాడిది, అతని తరఫున తల్లిదండ్రులది అని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ కేసు కర్ణాటక నుంచి వెళ్లింది. అక్కడ ప్రభుత్వం కన్నడం తప్పనిసరి అంటే, కోర్టు కాదన్నది. అదే సూత్రం మన దగ్గరికి వచ్చేసరికి, ప్రభుత్వం ఇంగ్లీషు తప్పనిసరి అంటే కూడా కాదనవలసి వచ్చింది. అక్కడ ఇంగ్లీషుకు గొడుగు పట్టిన సూత్రమే ఇక్కడ తెలుగుకు గొడుగు పట్టింది.

తెలుగు మేష్టారు తెలుగు మీడియం నిలబడితే సంతోషించడం వింతేమీ కాదు. కాని అవతలి పక్షాన్ని కూడా చెప్పాలి. ఆ తరవాత ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయం సేకరించి, నూటికి 96 మందికి పైగా ఇంగ్లీషే కావాలన్నారని లెక్క చూపించింది. ఆ లెక్క సంగతి ఎలా వున్నా, కూలికి వెళ్లే తల్లి తన పిల్ల ఇంగ్లీషు చదవాలని కోరుకోవడం అబద్ధం కాదు. కాన్వెంటు బస్సు వీధిలో ఆగి పక్కింటి పిల్లను ఎక్కించుకుని పోతుంటే, తన పిల్ల కాలినడకన వెళ్లే బడిని చూసి ఆమె పడే బాధ ఏ భాషాభిమానంతోనూ తీరదు. ఆ తల్లికి తెలుగు మీద ద్వేషం లేదు. ఉద్యోగం ఇంగ్లీషులో వుందని ఆమెకు అందరం కలిసి నేర్పాం.

అయితే హైకోర్టు తీర్పు ఇంగ్లీషును బహిష్కరించలేదు. ఎంచుకునే హక్కును తీసివేయవద్దన్నది. వూళ్లో వున్నది ఒక్క బడి, ఆ బడిలో వున్నది ఒక్కటే మాధ్యమం అయినప్పుడు పేదవాడికి ఎంపిక అన్న మాటే మిగలదు. డబ్బున్నవాడు మరో వూరి బడికి పంపిస్తాడు. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తే, 2020 సెప్టెంబరులో ఆ కోర్టు హైకోర్టు తీర్పును నిలిపివేయడానికి ఒప్పుకోలేదు.

* * *

మూడో మాట "స్థానికుడు". ఇది మా కాలేజీల్లో పిల్లలకు నిద్ర లేకుండా చేసిన మాట.

రాష్ట్ర విభజన చట్టం ప్రకారం ప్రవేశాలలో పాత పద్ధతి 10 ఏళ్లపాటు సాగింది. 2024 జూన్ 2తో ఆ గడువు తీరింది. జూలైలో తెలంగాణ ప్రభుత్వం మెడికల్ కాలేజీల ప్రవేశ నిబంధనలను మార్చింది. అర్హత పరీక్ష పూర్తయ్యే వరకు వరుసగా 4 సంవత్సరాలు తెలంగాణలో చదివి, ఆ పరీక్ష తెలంగాణలోనే రాసిన వాడే స్థానికుడు. అంటే, 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా అన్నమాట.

చదవడానికి సులువుగానే వుంది. కాని మన పిల్లలు చదివే తీరు చూడండి. ఖమ్మంలో పుట్టి పెరిగిన పిల్ల ఇంటర్‌కు విజయవాడ హాస్టల్లో చేరుతుంది. తాతల నాటి ఇల్లు, పొలం, రేషను కార్డు, ఓటు అన్నీ తెలంగాణలో వుంటాయి. చదువు రెండేళ్లు రాష్ట్రం సరిహద్దు దాటింది కాబట్టి ఆమె స్థానికురాలు కాదు. అటువంటి పిల్లలు హైకోర్టుకు వెళ్లారు. 2024 సెప్టెంబరు 5న చీఫ్ జస్టిస్ అలోక్ అరాధే, జస్టిస్ జె. శ్రీనివాసరావు గార్ల ధర్మాసనం, తెలంగాణ శాశ్వత నివాసులకు ఆ నిబంధన వర్తించదని చెప్పింది. ఎవరు శాశ్వత నివాసో నిర్ణయించడానికి మార్గదర్శకాలు చేసుకొమ్మని ప్రభుత్వానికి చెప్పింది. పిల్లలకు ప్రాణం లేచి వచ్చింది.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి, ప్రభుత్వ నిబంధనే సరి అన్నది. స్థానికుడు అంటే ఎక్కడ పుట్టినవాడు, ఎక్కడ ఇల్లున్నవాడు అని కాదు, ఎక్కడ చదివినవాడు అని తేలింది. ఉద్యోగ ధర్మం వల్ల బయట వుండవలసి వచ్చిన ప్రభుత్వోద్యోగులు, సైనికులు మొదలైన వారి పిల్లలకు మినహాయింపు ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకున్నది.

పెద్దవాళ్లకు ఈ కథ వింటూంటే మరో కథ గుర్తు రావాలి. 1972 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లవన్నది. అదే సంవత్సరం అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెల్లుతాయన్నది. ముల్కీ అంటే ముల్కుకు, అంటే దేశానికి చెందినవాడని అర్థం. ఆ ఒక్క మాట మీద జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాజ్యాంగానికి 32వ సవరణ, 371–డి అధికరణం వచ్చాయి. ఇవాళ్టి మెడికల్ సీటు తగాదాకు మూలం అక్కడే వుంది. అప్పుడూ ఇప్పుడూ ప్రశ్న ఒక్కటే: ఈ నేల ఎవరిది? అప్పుడూ ఇప్పుడూ హైకోర్టు ఒకలా చెబితే సుప్రీంకోర్టు మరోలా చెప్పింది.

కూతురునో కొడుకునో పొరుగు రాష్ట్రంలో ఇంటర్ చేర్చబోయే తెలంగాణ తల్లిదండ్రులు, కాలేజీ ర్యాంకుల బోర్డు చూడడానికి ముందు ఈ తీర్పు సంగతి తెలుసుకోవడం అవసరం. మా దగ్గరికి సలహాకు వచ్చే వాళ్లలో చాలామంది ఫీజు కట్టిన తరవాతనే అడుగుతున్నారు.

* * *

నాలుగోది మాట కాదు, ఒక పాత తిట్టు. దాన్ని చట్టం పేరుగా పెట్టుకుని మనం 100 ఏళ్లకు పైగా గడిపాం.

నిజాం కాలంలో 1329 ఫస్లీలో ఒక చట్టం వచ్చింది. ఫస్లీ అంటే పంట లెక్క. మొగలాయీల నాటి నుంచి రెవెన్యూ కాగితాల్లో నడిచిన సంవత్సరం. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఇది 1919 అన్నమాట. నపుంసకుల పేర్లు, నివాసాలు ఒక రిజిస్టరులో రాయించడం ఆ చట్టం పని. పిల్లలను ఎత్తుకుపోతారన్న అనుమానం దానికి సాకు. రిజిస్టరుకెక్కిన మనిషి ఆడవేషంతో బజారులో కనబడితే, నగ పెట్టుకుంటే, పాడితే, ఆడితే, పోలీసులు వారంటు లేకుండా పట్టుకోవచ్చు. 2 సంవత్సరాల దాకా జైలు. బ్రిటిషు వారు 1871లో చేసిన నేరజాతుల చట్టంలో ఇటువంటి భాగం ఒకటి వుండేది. దానికి ఇది తోబుట్టువు.

నేరం చేశాడా లేదా అన్న ప్రశ్న ఆ చట్టానికి లేదు. ఎలా పుట్టాడు, ఏమి కట్టుకున్నాడు అన్నవే ప్రశ్నలు. నిజాం వెళ్లిపోయాడు, రాజ్యాంగం వచ్చింది, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి. చట్టం మాత్రం పేరు ముందు కొత్త రాష్ట్రం పేరు తగిలించుకుంటూ పుస్తకాల్లో అలాగే వుండిపోయింది. 2018లో కొందరు హైకోర్టుకు వెళ్లారు. 2023 జూలైలో చీఫ్ జస్టిస్ ఉజ్జల్ భూయాన్ గారి నాయకత్వంలోని ధర్మాసనం, సమానత్వానికీ మానవ గౌరవానికీ విరుద్ధమని ఆ చట్టాన్ని మొత్తంగా కొట్టివేసింది. ట్రాన్స్‌జెండర్ వారికి ఆసరా పింఛను వంటి సదుపాయాలు అందాలని కూడా చెప్పింది.

ట్రాన్స్‌జెండర్ అన్న మాటకు తెలుగులో సరైన మాట ఇంకా కుదురుకోలేదు. హిజ్రా అంటే ఒక సంప్రదాయం పేరు అవుతుంది. నపుంసకుడు అంటే వ్యాకరణంలో నపుంసక లింగం గుర్తుకు వస్తుంది, అందులో చెట్లూ రాళ్లూ పశువులూ వుంటాయి. మనిషిని ఆ వరసలో నిలబెట్టడం మన పాత మాటలు చేసిన అన్యాయం. మంచి మాట పుట్టే వరకు అరువు మాటతోనే గౌరవంగా పిలుద్దాం.

* * *

అక్కడి నుంచి అయిదో మాటకు దారి సూటిగానే వుంది. "స్త్రీ" అంటే ఎవరు?

2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఈ ప్రశ్న వచ్చింది. ఒక ట్రాన్స్ మహిళ పెళ్లి చేసుకున్నది. భర్త, అత్తమామలు హింసించారని 498–ఎ కింద ఫిర్యాదు చేసింది. భర్త తరఫున ఒక వాదం వచ్చింది: ఆమె పిల్లలను కనలేదు గనుక చట్టం చెప్పే స్త్రీ కాదు, ఆ సెక్షను ఆమెకు వర్తించదు. జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప గారు ఆ వాదాన్ని తోసిపుచ్చారు. స్త్రీత్వాన్ని సంతానంతో కొలవడం రాజ్యాంగానికి పొసగదన్నారు. 2014లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పూ, 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టమూ ఆధారం.

ఈ తీర్పు ఆ ఒక్కరికోసమే కాదు. పిల్లలు లేని ఇంటి కోడలు మన దేశంలో ఏ మాటలు పడుతుందో ఈ పత్రిక చదివే ఆడవాళ్లకు నేను చెప్పనక్కర లేదు. "గొడ్రాలు" అన్న మాట నిఘంటువులో మిగిలినా ఇళ్లలో మిగలకూడదు. కనడం కనకపోవడం మీద స్త్రీత్వం ఆధారపడదని హైకోర్టు అనడం వాళ్లందరి పక్షాన అన్నట్టే.

అయినా కేసు మాత్రం నిలవలేదు. ఆరోపణలకు తగిన వివరాలు, ఆధారాలు లేవని న్యాయమూర్తి గారు దాన్ని కొట్టివేశారు. హక్కు వుండడం ఒకటి, దాన్ని రుజువు చేయడం ఒకటి. తలుపు తెరిచి వుందని చెప్పడమే ఆ రోజు కోర్టు చేసింది, లోపలికి తీసుకుపోయేది సాక్ష్యమే. ఇంకొక్క సంగతి. 2024 జూలై 1 తరవాతి నేరాలకు 498–ఎ అన్న నంబరు లేదు. కొత్త భారతీయ న్యాయ సంహితలో అది 85వ సెక్షను. సినిమాల్లో మాత్రం ఇంకా చాలాకాలం పాత నంబరే వినిపిస్తుంది.

* * *

ఆ నెలలోనే, 24వ తేదీన, తెలంగాణ హైకోర్టు "ఖులా" అన్న మాటకు అర్థం చెప్పింది. తలాక్ అన్న మాట అందరికీ తెలుసు. అది భర్త చేతిలోది. ఖులా భార్య కోరే విడాకులు. ఈ మాట తెలియకపోవడంలోనే సగం కథ వుంది.

ఒక భార్య ఖులా కోరింది. భర్త ఒప్పుకోనన్నాడు. ఆమె మతపెద్దల సంస్థకు వెళ్లి ఖులానామా తెచ్చుకుంటే, అది చెల్లదని భర్త కుటుంబ న్యాయస్థానానికి వెళ్లాడు, అక్కడ ఓడి హైకోర్టుకు వచ్చాడు. జస్టిస్ మౌసుమీ భట్టాచార్య, జస్టిస్ బి.ఆర్. మధుసూదనరావు గార్లు, ఖులా కోరే హక్కు భార్యకు సంపూర్ణంగా వున్నదన్నారు. అందుకు కారణం చూపించనక్కర లేదు, భర్త అంగీకారం అక్కర లేదు. ముఫ్తీ ఇచ్చే పత్రం సలహా మాత్రమే, అది తప్పనిసరి కాదు. మెహర్ తిరిగి ఇవ్వడం గురించి భర్త మాట్లాడుకోవచ్చు గాని, నిన్ను వెళ్లనివ్వను అనే అధికారం అతనికి లేదు. ఆమె నిజంగా కోరిందా, రాజీకి ప్రయత్నం జరిగిందా, మెహర్ తిరిగి ఇవ్వజూపిందా అన్నవి చూసి కోర్టు ముద్ర వేస్తే సరిపోతుంది.

ఈ హక్కు కొత్తగా పుట్టలేదు, శాస్త్రంలో మొదటి నుంచీ వున్నదే. దస్తావేజు ఇంట్లోనే వుంది, పెట్టె తాళం మాత్రం ఇంకొకరి దగ్గర వుంది. కోర్టు తాళం ఇప్పించింది.

* * *

ఇవన్నీ బరువైన మాటలు. కొంచెం తేలిక మాట కూడా ఒకటి చెబుతాను: "రంగు".

ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అధికార పార్టీ జెండా రంగులు వేశారని వ్యాజ్యం వస్తే, 2020 మార్చిలో హైకోర్టు వాటిని తొలగించమన్నది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లి ఓడింది. ఏప్రిల్‌లో ఆ రంగుల పక్కన మట్టి రంగు ఒకటి చేర్చి, 623 నంబరుతో కొత్త జీవో తెచ్చింది. మే 22న హైకోర్టు దాన్నీ కొట్టివేసింది. జూన్ 3న సుప్రీంకోర్టు మళ్లీ అదే మాట అన్నది. అంత పెద్ద కోర్టులు ఇన్నిసార్లు కూర్చుని పంచాయతీ గోడల రంగు తేల్చవలసి వచ్చింది. గోడ పంచాయతీది, పంచాయతీ వూరిది అన్న పాఠం రెండు మూడు తరగతుల పిల్లలకు చెబితే ఒకే పీరియడులో అర్థమై వుండేది. ఏ పార్టీ అధికారంలోకి వచ్చినా గుర్తు పెట్టుకోదగిన పాఠమే.

* * *

ఇన్ని తీర్పులు చెప్పాను. వీటన్నిటిలో సామాన్యుడు గుర్తు పెట్టుకోవలసినవి రెండు మూడు వున్నాయి.

మొదటిది, హైకోర్టు తీర్పే చివరి మాట కాకపోవచ్చు. ఒక్క న్యాయమూర్తి చెప్పిన రిట్టు తీర్పు మీద అక్కడే ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనానికి అప్పీలు వుంటుంది. ఆపైన సుప్రీంకోర్టు వుంది. మెడికల్ సీట్ల పిల్లలకు ఒక సెప్టెంబరులో తెరిచిన తలుపు మరో సెప్టెంబరులో మూసుకున్నది. పత్రికలో పతాక శీర్షిక చూసి ఫీజులు కట్టడం, పొలాలు కొనడం, పెళ్లిళ్లు కుదుర్చుకోవడం మంచిది కాదు. ఆ తీర్పు మీద స్టే వుందా, అప్పీలు వుందా అని ప్లీడరు గారిని అడగాలి.

రెండోది, తీర్పులో కేసు ఫలితం ఒకటి, అది చెప్పిన సూత్రం ఒకటి. ట్రాన్స్ మహిళ కేసులో ఫిర్యాదు పోయింది, సూత్రం నిలిచింది. "ఓడిపోయిందట గదా, ఆ సెక్షను వాళ్లకు వర్తించదట" అని ఎవరైనా అంటే, వారు సగమే చదివారన్నమాట.

మూడోది భాష సంగతి. కచేరీ మాటలు మనకు ముందు ఫారసీ నుంచి వచ్చాయి: వకీలు, దావా, జప్తు, నకలు. తరవాత ఇంగ్లీషు నుంచి: డిక్రీ, అప్పీలు, స్టే, రిట్టు. వాటిని మనవాళ్లు సొంతం చేసుకున్నారు. చదువు లేని రైతు కూడా "స్టే తెచ్చుకున్నాను" అంటాడు. కాబట్టి కోర్టు భాషను తెలుగు చేయడమంటే ఈ మాటలను తరిమివేసి, వాటి స్థానంలో ఎవరికీ నోరు తిరగని సంస్కృత సమాసాలు పెట్టడం కాదు. ఆ పని చేస్తే ఇంగ్లీషు తీర్పు అర్థం కానట్టే తెలుగు తీర్పూ అర్థం కాదు. వాక్యం తెలుగు వాక్యంలా వుంటే చాలు. ఎవరు ఏమడిగారు, ఏది నమ్మాము, ఏది నమ్మలేదు, ఎందుచేత, ఇక ఏమి చేయాలి: ఈ అయిదూ వూళ్లో పెద్దమనిషి చెప్పినట్టు చెబితే చాలు. యంత్రాల చేత తీర్పులు అనువాదం చేయించే "సువాస్" అన్న ఏర్పాటు సుప్రీంకోర్టు 2019లోనే మొదలుపెట్టింది. తెలుగు అనువాదాలు కూడా వస్తున్నాయి. యంత్రం తెలుగు చేసిన దాన్ని తెలుగు తెలిసిన మనిషి ఒకరు చదివి సరిచూడాలి. "వీలైనంత వరకు" అన్న ఒక్క మాట జారిపోతే ఒక తరం పిల్లల చదువు జారిపోతుందని పైన చూశాం గదా.

మా దగ్గర తెలుగు ఎం.ఏ. చదివే పిల్లలు "ఇది చదివి ఏమవుతాం సార్?" అని అడుగుతుంటారు. పంతులు ఉద్యోగం ఒక్కటే దారి కాదని ఈ మధ్య చెబుతున్నాను. భూమి పోయిన అన్నకూ, సీటు రాని పిల్లకూ, విడాకులు కోరిన ఇల్లాలికీ తమ తీర్పు తాము చదువుకునేలా రాసిపెట్టే మనిషి ప్రతి జిల్లా కోర్టులోనూ కావాలి. ప్రభుత్వం వారు ఆ ఉద్యోగాలు సృష్టిస్తే, మా పిల్లలలో ఆ పనికి తగినవాళ్లు వున్నారు.